మెత్తగా ఉంటేనే రక్తం
(సంఘ వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



రక్తదానం గురించి నాకు ముందు మాట్లాడినవారు చెప్పియున్నారు. నేను రక్తకణం ఎంత మెత్తనిది, ఆ మెత్తదనాన్ని ఎట్లా కొలుస్తారు, అది మన ఇళ్ళకు ఎందుకు పట్టిన విషయం అన్నంతవరకే చెబుతాను. కణాన్ని మా ఉర్దూ పుస్తకంలో ఖలియా అంటాం. సెల్ అంటే మాత్రం ఇప్పటి పిల్లలకు జేబులో ఫోనే గుర్తొస్తుంది!

ఎర్ర రక్తకణం వెడల్పు సుమారు 8 మైక్రాన్లు. మైక్రాన్ అనగా మిల్లీమీటరులో వెయ్యవ వంతు. అది దూరిపోవలసిన సన్న నాళాలు కొన్నిచోట్ల 3, 4 మైక్రాన్లే. మనం తిల్లీ అంటామే, ఆ ప్లీహంలోని సందులు ఇంకా ఇరుకు, ఒక మైక్రానుకు అటూ ఇటూ. కణం ఒళ్ళంతా సాగదీసుకొని, దూరి, అవతల మళ్ళీ గుండ్రంగా కావాలి. సుమారు 120 రోజులు దాని బతుకంతా ఇదే. బిరుసెక్కిన కణాన్ని తిల్లీ ఆపివేస్తుంది, అక్కడే అది నాశనమవుతుంది.

ఆదోని మార్కెట్ యార్డులో పత్తి కొనేవారు పింజను వేళ్ళతో లాగి చూస్తారు. మన ఎమ్మిగనూరు మగ్గాల దగ్గర నూలుపోగును లాగి చూస్తారు. లాగితే ఎంత సాగింది, వదిలితే ఎంత వెనక్కి వచ్చింది? శాస్త్రజ్ఞులు అడిగేదీ ఇదే ప్రశ్న. అయితే కంటికే కనబడని కణాన్ని పట్టుకొనే వేళ్ళెక్కడివి?

1954లో మిచిసన్, స్వాన్ అనే ఇద్దరు సన్నని గాజు గొట్టంతో సముద్రజీవి గుడ్డు పొరను పీల్చి, ఎంత పీలుపుకు ఎంత లోపలికి వచ్చిందో కొలిచారు. 1964లో రాండ్, బర్టన్ అదే పని ఎర్ర కణంతో చేశారు. బాగానే ఉంది గాని, ఒక్కొక్క కణాన్ని పట్టుకొని కూర్చుంటే రోగి రక్తం సంగతి ఎప్పుడు తేలాలి?

ఇక్కడ ఒక తెలుగు ఇంటిపేరు వస్తుంది. నార్ల మోహన్‌దాస్ గారు పారిస్‌లో మార్సెల్ బెస్సీతో కలిసి 1975లో ఒక పద్ధతిని ప్రకటించారు. ఒక స్థూపం లోపల మరొక స్థూపం. మధ్య సందులో చిక్కటి ద్రవం, అందులో కాస్త రక్తం. ఒక స్థూపాన్ని తిప్పితే ద్రవం కణాలను సాగదీస్తుంది. వాటి గుండా లేజర్ కాంతి పంపితే, నిలకడలో గుండ్రంగా పడే వెలుగు మచ్చ, కణాలు సాగినకొద్దీ కోడిగుడ్డు ఆకారం పొందుతుంది. కణం బిరుసైతే మచ్చ గుండ్రంగానే మిగులుతుంది. లెక్కలేనన్ని కణాల సంగతి ఒక్క మచ్చలో తెలిసిపోతుంది! ఈ యంత్రానికి ఎక్టాసైటోమీటర్ అని పేరు. ఆయన తరువాత న్యూయార్క్ బ్లడ్ సెంటర్‌లో పరిశోధన సాగించారు.

కాంతితోనే కణాన్ని పట్టుకొని లాగడం మరొక పద్ధతి. ఆ కాంతి పట్టకారును కనిపెట్టిన ఆర్థర్ ఆష్కిన్‌కు 2018లో నోబెల్ బహుమతి వచ్చింది. 1897లో రోనాల్డ్ రాస్ మన సికిందరాబాదులో దోమ కడుపులో మలేరియా క్రిమిని చూశాడు గదా. ఆ క్రిమి దూరిన ఎర్ర కణాన్ని సుబ్ర సురేష్ బృందం అమెరికాలో ఇట్లా లాగి చూసి 2005లో ప్రకటించింది. జబ్బు ముదిరిన దశలో కణం పది రెట్ల వరకు బిరుసెక్కుతుందట. మలేరియా ముదిరితే మెదడుకు ఎక్కడానికి ఇదొక కారణం.

ఇక మన ఇంటి సంగతి. సికిల్ సెల్ జబ్బులో ప్రాణవాయువు తగ్గగానే కణం కొడవలిలా వంగి గట్టిపడుతుంది. మన రాష్ట్రంలో ఏజెన్సీ గిరిజనుల్లో ఇది ఎక్కువ. తలసేమియాలోనూ కణం పొర బిరుసెక్కుతుంది. అయితే దానికి కులం లేదు, మతం లేదు. ఆ బిడ్డకు మూడు నాలుగు వారాలకొకసారి రక్తం ఎక్కించాలి. ఎక్కించిన రక్తంలోని ఇనుము గుండెలో, కాలేయంలో పేరుకుంటుంది, దానికి మళ్ళీ మందు.

తల్లిదండ్రులిద్దరిలో ఈ లక్షణం దాగి ఉంటే, ప్రతి కాన్పులోనూ నాలుగింట ఒక వంతు బిడ్డకు జబ్బు రావచ్చు. వాళ్ళిద్దరూ చూడడానికి ఆరోగ్యంగానే ఉంటారు. చచ్చా కూతురు, ఖాలా కొడుకు అని సంబంధాలు కలుపుకొనే మనలో, మేనరికం చేసే ఇరుగుపొరుగు వారిలో, ఇద్దరికీ ఉండే అవకాశం పెరుగుతుంది. సంబంధం మానమని నేననను, పెద్దలున్నారు. నిశ్చయానికి ముందు రక్తం చూపించమంటాను. పిల్ల పాలిపోతే నజర్ తగిలిందని తాయెత్తు కట్టి ఊరుకుంటే కణం మెత్తబడదు గదమ్మా!

ఎక్టాసైటోమీటర్ మనకు దొరికేది కాదు, అవసరమూ లేదు. హెచ్.పి.ఎల్.సి. అనే పరీక్ష, లేదా హీమోగ్లోబిన్ ఎలెక్ట్రోఫొరెసిస్ అని డాక్టరును అడగండి. మొదట ఒకరికి చేయించి, లక్షణం ఉన్నదంటే రెండవవారికి చేయించవచ్చు. రక్తంలో ఇనుము బాగా తక్కువగా ఉంటే ఫలితం తప్పుదారి పట్టించవచ్చు, ఆ మాట డాక్టరుకు ముందే చెప్పండి. లక్షణం పుట్టుకతో వచ్చేది గనుక, స్పష్టంగా తేలిన ఫలితాన్ని దాచుకుంటే మళ్ళీ మళ్ళీ చేయించనక్కరలేదు.