కాలేయ జబ్బులో ఉప్పు లెక్క

సిర్రోసిస్ ముదిరితే, గట్టిపడిన కాలేయంలోంచి రక్తం సాఫీగా పారదు. పేగుల నుంచి రక్తం తెచ్చే పోర్టల్ సిరలో ఒత్తిడి పెరుగుతుంది, పొత్తికడుపులోని రక్తనాళాలు వ్యాకోచిస్తాయి. ఒంట్లో రక్తమే తగ్గిపోయిందన్నట్టు ఆల్డోస్టిరాన్ హార్మోన్ పెరిగి, మూత్రపిండాలు సోడియాన్ని బయటకు పోనివ్వవు. సోడియం వెంటే నీరూ నిలుస్తుంది. పాదాలు వాస్తాయి, పొట్ట ఉబ్బుతుంది. పొట్టలో చేరిన ఒక్కో లీటరు నీటిలో సుమారు 3 గ్రాముల సోడియం, అంటే 7 గ్రాములకు పైగా ఉప్పు ఉంటుంది.

అందుకే ఇలాంటివారికి వైద్యులు సాధారణంగా రోజుకు 2 గ్రాముల సోడియం, అంటే సుమారు 5 గ్రాముల ఉప్పు దాటవద్దంటారు. ఆరోగ్యంగా ఉన్న పెద్దలకు ప్రపంచ ఆరోగ్య సంస్థ పెట్టిన హద్దూ దాదాపు ఇదే. కూరలో ఉప్పు తగ్గించడం తేలికే. చిక్కంతా కంచం అంచున ఉంటుంది: ఆవకాయ ముక్క, అప్పడం, వడియాలు, ఊరమిరపకాయ. ఎండుచేప సంగతి సరేసరి. నిమ్మరసం, మిరియాలు, జీలకర్ర, కొత్తిమీర ఆ లోటు కొంత తీరుస్తాయి.

సోడియం తక్కువని అమ్మే ఉప్పుల్లో పొటాషియం క్లోరైడ్ కలుపుతారు. నీరు తీయడానికి స్పైరనోలాక్టోన్ వాడేవారిలో అది రక్తంలోని పొటాషియాన్ని ప్రమాదకరంగా పెంచవచ్చు.

అలాగని చప్పిడి పథ్యం సయించక తిండి తగ్గించుకోవడం ఇంకా చేటు. సిర్రోసిస్‌లో కండ కరగడం మామూలే కనుక పప్పు, గుడ్డు, పెరుగు తగినంత పడాలి. మంచినీళ్లపై ఆంక్ష మాత్రం రక్తంలో సోడియం బాగా పడిపోయినవారికే.