1948లో కోదాడకు వచ్చిన ట్యాంకు ఇప్పుడు దొరికితే స్పేర్ పార్టులు ఎక్కడ తెస్తాం?

మిర్యాలగూడ నుంచి ఒక తమ్ముడు మెసేజ్ పెట్టాడు. “అన్నా, పోలీస్ యాక్షన్ టైంల మన దిక్కు ట్యాంకులు వచ్చినయంట గదా. అసొంటిది ఒకటి తుప్పువట్టి దొరికితే మళ్ల నడుస్తదా? పార్టులు ఏడ దొరుకుతయి?” మెసేజ్ రెండు లైన్లే, జవాబు వెతకడానికి మాత్రం నాకు మూడు వారాలు పట్టింది. ఇవాళ్టి ఎపిసోడ్ మొత్తం దాని మీదే.

ముందు హిస్టరీ, ఫాస్ట్‌గా. హైదరాబాద్ నుంచి విజయవాడకు మీరు బస్సులో నిద్రపోతూ వెళ్లే రోడ్డు ఉంది కదా, ఎన్‌హెచ్ 65, అదే దారిలో 1948 సెప్టెంబర్ 13 పొద్దున ఇండియన్ ఆర్మీ విజయవాడ వైపు నుంచి లోపలికి వచ్చింది. ఆపరేషన్ పోలో. ఈ తూర్పు దళానికి కమాండర్ జనరల్ ఎ.ఎ. రుద్ర. ఆయన దగ్గర గూర్ఖా సైనికులు, పూనా హార్స్ రెజిమెంట్‌కు చెందిన ఒక స్క్వాడ్రన్ ఉన్నాయి. పొద్దున ఎనిమిదిన్నరకల్లా కోదాడ చేరారు, మధ్యాహ్నానికి మునగాల. చిన్న విషయం, మునగాల అప్పటికి కృష్ణా జిల్లాలో భాగం, చుట్టూ మాత్రం నిజాం రాజ్యం. 15న సూర్యాపేట మీద విమాన దాడి, తర్వాత గూర్ఖాలు ఊళ్లోకి వచ్చారు. వెనక్కి తగ్గుతున్న నిజాం సైన్యం మూసీ మీద బ్రిడ్జి పేల్చేసింది కానీ కాపలా పెట్టలేదు, దాంతో ఆర్మీ ఇంజనీర్లు దాన్ని త్వరగానే బాగు చేసుకుని ముందుకు వెళ్లారు. 17న చిట్యాల దగ్గర ఉన్నారు. ఆ సాయంత్రమే నిజాం కాల్పుల విరమణ ప్రకటించాడు.

ఎదురుగా ఉన్నది హైదరాబాద్ లాన్సర్స్. వాళ్ల దగ్గర హంబర్, స్టాగ్‌హౌండ్ అనే ఆర్మర్డ్ కార్లు ఉండేవి. అంటే ట్యాంకులా టరెట్, తుపాకీ అన్నీ ఉంటాయి, చైన్ బదులు టైర్లు. అప్పట్లో ఇండియన్ ఆర్మీ వాడిన ట్యాంకులు అమెరికా తయారీ. స్టువర్ట్ 13, 14 టన్నుల చిన్నది, షెర్మన్ దాదాపు 30 టన్నులది. నేను ఈ రోడ్డు మీద చిన్నప్పటి నుంచి తిరుగుతున్నా, ఆ బండ్లలో ఒక్కటి కూడా ఎక్కడా నిలబెట్టి కనపడలేదు. పాత ఇనుము ఎటు పోతుందో మీకు తెలుసు. గ్యాస్ కటింగ్, లారీ, ఫర్నేస్.

సరే, దొరికిందనుకుందాం. ఫస్ట్ పని రెంచి పట్టుకోవడం కాదు తమ్ముడూ, పోలీసులకు ఫోన్ చేయడం. లోపల పేలని గుండు ఉండొచ్చు. మీటర్ల మీద చీకట్లో మెరవడానికి ఆ రోజుల్లో రేడియం పెయింట్ వేసేవాళ్లు, బ్రేక్ లైనింగుల్లో ఆస్‌బెస్టాస్ ఉండేది. రెండూ ఊపిరితిత్తుల్లోకి పోకూడనివి. ఇంకొకటి, ఇది పాత బుల్లెట్ బండి కాదు, మన పేరు మీద రాయించుకుని షెడ్డులో పెట్టుకోవడానికి కుదరదు. మన దేశంలో ఆర్మీ రిటైర్ చేసిన ట్యాంకును ఏదైనా సంస్థకో, ఊరికో ప్రదర్శనకు ఇస్తుంది, అదీ గన్ పనిచేయకుండా చేసి.

ఇప్పుడు అసలు మ్యాటర్. పార్టులు.

మీరు మొబైల్ షాప్‌కి వెళ్లి “అన్నా, ఆండ్రాయిడ్ ఫోన్‌కి డిస్‌ప్లే ఉందా” అంటే ఏమంటాడు? ఏ మోడల్ అని అడుగుతాడు. “షెర్మన్‌కి ఇంజిన్ ఉందా” అనడం కూడా అంతే. ఎం4ఎ1లో 9 సిలిండర్ల రేడియల్, అంటే విమానం ఇంజిన్. ఎం4ఎ2లో రెండు డీజిల్ ఇంజిన్లు జతగా. ఎం4ఎ3లో ఫోర్డ్ వీ8. ఎం4ఎ4 కథ వేరే లెవెల్, క్రైస్లర్ వాళ్లు ఐదు కారు ఇంజిన్లను ఒకే షాఫ్ట్‌కి కలిపేశారు, మొత్తం 30 సిలిండర్లు. యుద్ధంలో ఇంజిన్లు చాలక ఎవరి దగ్గర ఏది ఉంటే అది పెట్టారు. అందుకే రిస్టోరేషన్ చేసేవాళ్లు మొదట బ్రష్ పట్టుకుని తుప్పు కింద నంబర్లు వెతుకుతారు. పోత పోసిన ప్రతి ముక్క మీద ఏదో ఒక నంబర్ ఉంటుంది. ఆ నంబర్ దొరికితే అమెరికన్ ఆర్మీ అప్పట్లో వేసిన టీఎం 9 సిరీస్ మాన్యువల్స్ స్కాన్లు ఇంటర్నెట్‌లో ఉన్నాయి, వాటితో పోల్చుకోవచ్చు. సాఫ్ట్‌వేర్‌లో ఉన్నప్పుడు రాసినవాడు మానేసి వెళ్లిపోయిన కోడ్ చదివేవాణ్ణి. అప్పుడు డాక్యుమెంటేషన్ దొరికితే ఎంత సంతోషమో, ఆ మాన్యువల్స్ చూసినప్పుడు అంతే అనిపించింది.

మీకు నచ్చే సంగతి ఒకటి. ఈ బండ్ల పార్టులు చాలావరకు ట్యాంకుల నుంచి రావు! స్టాగ్‌హౌండ్‌నే తీసుకోండి, మన కోదాడ రోడ్డు మీద నిజాం వైపు నిలబడ్డ బండి. దాంట్లో రెండు జీఎంసీ 270 ఇంజిన్లు పక్కపక్కన ఉంటాయి. అదే ఇంజిన్‌ను యుద్ధకాలపు జీఎంసీ ఆరు చక్రాల లారీలో పెట్టారు. ఆ లారీలు 5 లక్షలకు పైగా తయారయ్యాయి. కాబట్టి ఇంజిన్ స్పేర్లు పాత లారీల వాళ్ల దగ్గర దొరుకుతాయి. స్టువర్ట్ ఎం3లో ఉన్న 7 సిలిండర్ల కాంటినెంటల్ ఇంజిన్‌కి విమానాల్లో అన్నదమ్ముడు ఉన్నాడు. స్టియర్‌మన్ అనే ట్రైనింగ్ విమానంలో, తర్వాత పొలాలకు మందు కొట్టే విమానాల్లో అదే తిరిగింది. స్టువర్ట్ ఎం5కి వస్తే క్యాడిలాక్ కారు ఇంజిన్లు రెండు. దొరకనివి టరెట్ రింగ్, పెరిస్కోపులు, లోపలి సీట్లు, బ్రాకెట్లు. లారీలో లేనివన్నమాట.

ఈ రేడియల్ ఇంజిన్‌తో ఒక జాగ్రత్త ఉంది. సిలిండర్లు గుండ్రంగా పువ్వు రేకుల్లా ఉంటాయి కదా, బండి ఆగి ఉన్నప్పుడు ఆయిల్ కిందికి దిగి అడుగు సిలిండర్లలో నిలుస్తుంది. తెలియక సెల్ఫ్ కొట్టారంటే ఆయిల్ నలగదు, కనెక్టింగ్ రాడ్ వంగుతుంది. అందుకే యుద్ధంలో కూడా సైనికులు పొద్దున్నే చేత్తో క్రాంక్ తిప్పాకే స్టార్ట్ చేసేవాళ్లు. డెబ్బై ఏళ్లుగా ఆగి ఉన్న ఇంజిన్‌కైతే ప్లగ్గులు తీసి, సిలిండర్లలో పలుచటి ఆయిల్ పోసి, వారాల తరబడి ఎదురుచూడాలి. బలం పెడితే పోతుంది.

మరి ఎక్కడా దొరకని పార్టు? తయారు చేసుకోవాలి. ఇక్కడ నాకు డౌట్ వచ్చి, మాన్యువల్‌లోంచి ఒక ట్రాక్ పిన్ను బొమ్మ ప్రింట్ తీసుకుని సూర్యాపేటలో ఒక లేత్ షాపుకి వెళ్లా. పెద్దాయన, అరవై దాటి ఉంటాయి. “కాకా, ఇది చేయొచ్చా?” అన్నా. కళ్లద్దాలు పెట్టుకుని చూసి, “ఫొటో తోని నేనేం జెయ్యాలె బిడ్డా? పాత పిన్ను తే. ఇరిగినా సరే” అన్నాడు. ఎందుకు అనడిగితే చెప్పాడు. అరిగిన పిన్నులో కూడా అరగని చోటు ఒకటి ఉంటుందట, అసలు కొలత అక్కడ దొరుకుతుంది. ఇనుము ఏ రకమో తెలియకపోతే గ్రైండింగ్ రాయి మీద పట్టి నిప్పురవ్వలు ఎలా చిమ్ముతున్నాయో చూస్తాడట. రవ్వలు చివర పువ్వుల్లా చీలితే కార్బన్ ఎక్కువని అర్థం. ఇది ఏ కాలేజీలో నేర్చుకున్నావు కాకా అంటే నవ్వాడు. నేను బీటెక్ నాలుగేళ్లు చదివా ఫ్రెండ్స్, వర్క్‌షాప్ ల్యాబ్‌లో ఒక జాయింట్ ఫైలింగ్ చేసి రికార్డు రాశా, అంతే. ఆయన మాత్రం ఒక్క మాట గట్టిగా చెప్పాడు. పిన్ను తిప్పడం గంట పని, దానికి సరిగ్గా వేడి పెట్టి గట్టిపరచడం అసలు పని. మెత్తగా ఉంటే అరుగుతుంది, మరీ గట్టిగా ఉంటే విరుగుతుంది. 30 టన్నుల బండి కింద విరిగితే చైన్ ఊడి పక్కకు పడుతుంది.

తర్వాత రబ్బరు. ఏ ట్యాంకుకైనా ముందు చచ్చేది రబ్బరే, వాడినా వాడకపోయినా. షెర్మన్ చైన్ కింద తిరిగే చక్రాలకు ఇనుప రిమ్ము చుట్టూ రబ్బరు అతికించి ఉంటుంది. ఏళ్లకు అది బిస్కెట్‌లా రాలిపోతుంది. ఇనుముకు రబ్బరు పట్టేలా అచ్చులో పెట్టి వేడితో ఉడికించాలి. ఇది చదువుతుంటే నాకు మిర్యాలగూడ గుర్తొచ్చింది. రైస్ మిల్లులో వడ్లు పొట్టు తీసే రబ్బర్ రోల్ చూశారా? ఇనుప డ్రమ్ము, దాని మీద రబ్బరు. రెండు రోల్స్ వేర్వేరు స్పీడుల్లో తిరుగుతుంటే గింజ మధ్యలో నలిగి పొట్టు ఊడుతుంది. అరిగితే మార్చేస్తారు. రెండిట్లోనూ సూత్రం ఒకటే. సైజు, రబ్బరు గట్టిదనం వేరు. మిర్యాలగూడ తమ్ముడూ, నువ్వు పార్టులు ఏడ దొరుకుతయి అన్నావు చూడు, ఈ పార్టు పని మీ ఊరి మిల్లుల్లో రోజూ తిరుగుతోంది.

కానీ ఒక్కటి గ్యాస్ వెల్డింగ్ షాపులో చేయించకూడదు, బాడీ. ట్యాంకు ఉక్కు గట్టిది. మామూలు రాడ్‌తో అతికిస్తే చల్లారాక పక్కనే పగులుతుంది. ముందు ప్లేటు వేడి చేయాలి, రాడ్ వేరేది వాడాలి, నిదానంగా చల్లార్చాలి. ఆ పని తెలిసినవాళ్లు మనకు దూరం కాదు. సికింద్రాబాద్‌లో ఆర్మీ మెకానికల్ ఇంజనీర్లకు చదువు చెప్పే కాలేజీ ఎంసీఈఎంఈ ఉంది, సంగారెడ్డి దగ్గర ఎద్దుమైలారంలో బీఎంపీ యుద్ధ వాహనాలు తయారుచేసే ఆర్డ్‌నెన్స్ ఫ్యాక్టరీ ఉంది. చెన్నై పక్కన ఆవడిలో 1965 నుంచి విజయంత ట్యాంకులు తయారయ్యాయి.

బయట దేశాల్లో పార్టుల వేట అయితే సినిమానే. ఆస్ట్రేలియాలో యుద్ధం అయ్యాక రైతులు మిగులు ట్యాంకులు కొని, టరెట్ పీకి, చెట్లు పెకలించే ట్రాక్టర్లలా వాడారు. ఇప్పుడు కలెక్టర్లు ఆ పొలాల్లో తిరిగి ముక్కలు ఏరుకుంటున్నారు. 2017లో ఇంగ్లండ్‌లో ఒకాయన 30,000 పౌండ్లకు కొన్న పాత ట్యాంకు డీజిల్ ట్యాంకు విప్పితే ఐదు బంగారు కడ్డీలు బయటపడ్డాయి. ఆశ పడకండి, పోలీసులకు అప్పగించాడు.

ఇంకో కేసు నాకు చాలా ఆలోచన తెప్పించింది. బోవింగ్టన్ మ్యూజియంలో టైగర్ 131 అని జర్మన్ ట్యాంకు, 1943 ఏప్రిల్‌లో ట్యునీషియాలో దొరికింది. 2003లో మళ్లీ కదిలింది, 2014లో ఫ్యూరీ సినిమాలో కూడా నటించింది. కానీ దాని అసలు ఇంజిన్‌ను ఎప్పుడో విద్యార్థులకు చూపించడానికి అడ్డంగా కోసేశారు. ఇప్పుడున్నది తర్వాతి మోడల్ ఇంజిన్. మరి అది అసలైన టైగరేనా? నా ఉద్దేశంలో అవును, ఒక షరతుతో. మార్చిన ప్రతి ముక్క మీద ఏ సంవత్సరం, ఎక్కడ చేశారో పంచ్ కొట్టాలి, తీసేసిన పాతది దాచాలి. లేకపోతే యాభై ఏళ్ల తర్వాత చూసేవాడికి సూర్యాపేట పిన్ను ఏదో, అమెరికా పిన్ను ఏదో తెలియదు.

అన్నీ నడవక్కర్లేదు కూడా. వైజాగ్ బీచ్‌లో కురుసుర సబ్‌మెరైన్ 2002 నుంచి ఇసుక మీదే ఉంది, జనం లోపలికి వెళ్లి చూస్తున్నారు. దానికి శత్రువు ఉప్పు గాలి. నిలబెట్టిన బండికి కూడా ప్రతి ఏడూ తుప్పు గోకి పెయింట్ వేయాలి, లోపల నీళ్లు నిలవకుండా చూడాలి. చౌరస్తాలో ట్యాంకు పెట్టి రిబ్బన్ కట్ చేసి వదిలేస్తే పదేళ్లలో కింద ప్లేటు చిల్లు.

చివరగా, ఒక ఇబ్బంది మాట. సూర్యాపేటలో 1948 ట్యాంకు పెడదాం అంటే నేను చప్పట్లు కొట్టే ముందు ఆగుతా. ఆ బండ్లు రావడం కొన్ని ఇళ్లలో పండగ, రజాకార్ల భయం పోయింది. కొన్ని ముస్లిం ఇళ్లలో ఆ తర్వాతి వారాలు తలచుకోరు. ఇదే సైన్యం తర్వాత కమ్యూనిస్టు దళాల కోసం ఈ ఊళ్లనే జల్లెడ పట్టింది, సాయుధ పోరాటం 1951 అక్టోబర్ దాకా నడిచింది. బోర్డు మీద ఈ మూడూ రాస్తారా? రాస్తే పెట్టండి.

సో తమ్ముడూ, ట్యాంకు దొరికేదాకా నువ్వు చేయగలిగిన పని ఒకటుంది. మీ తాతమ్మకో, పక్కింటి ముసలాయనకో ఆ సెప్టెంబర్ గుర్తుంటే ఫోన్ రికార్డర్ ఆన్ చెయ్యి. వాళ్లకు తొంభై దగ్గర పడ్డాయి. పాత ఇనుప సామాను షాపుల్లో ఎక్కడైనా అమెరికా అక్షరాలున్న బరువైన ముక్క కనిపిస్తే కొనకు, కదపకు. పక్కన టేపు పెట్టి ఫొటో తీయి, నంబర్ కనిపించేలా దగ్గర నుంచి ఇంకోటి తీయి, నాకు పంపు. గుండులా ఉంటే మాత్రం ఫొటో కూడా వద్దు, దూరం జరిగి 100కి కొట్టు.