నేను మొదటిసారి విన్న పద్యము
(రజతోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



నేను పండితుడను కాను. సహకార సంఘములో లెక్కలు వ్రాసికొనువాడను. పోతన భాగవతమును, కవిత్రయ భారతమును మన గ్రంథాలయపు బీరువాలోని ప్రతులతో, నిఘంటువు ప్రక్కన పెట్టుకొని, ఒంటరిగా చదివికొంటిని. గురువు లేడు. కావున పద్యము నాకు కంటితో చూచునదే గాని చెవితో వినునది కాదు. గణములు సరి, యతి సరి, అర్థము తేలినది. ఇక పద్దు ముగిసినదని తలచెడివాడను.

ఏబది దాటిన పిమ్మట ఒక ఆదివారము శామీర్‌పేటలో బస్సెక్కి, తూముకుంట, హకీంపేట, అల్వాలు దాటి జూబిలీ బస్సు స్టేషనులో దిగి, మరియొక బస్సులో బొగ్గులకుంటకు పోయితిని. అచ్చట తెలంగాణ సారస్వత పరిషత్తులో అష్టావధానము. నిజాము కాలమున, 1943లో, తెలుగు కొరకు వెలసిన సంస్థ అది. ముందు వరుసలలో నున్నవారందరు పండితులే యని భయపడి వెనుక గోడ ప్రక్కన కూర్చుంటిని.

తిరుపతి వేంకట కవులు ఊరూర అవధానములు చేసిరని చదివియుంటిని గాని, చూచుట వేరు. ఒకరు నాలుగు పొసగని మాటలిచ్చి వానిని పద్యములో ఇముడ్చుమందురు. ఒకరు అక్షరమక్షరమునకు అడ్డుపడి, తరువాతి అక్షరమిది కారాదందురు. ఒకరు నడుమ నడుమ పనికిరాని ముచ్చటలు దింపి నవ్వింతురు. అవధాని ఒక్కొక్కరికి ఒక్కొక్క పాదము చెప్పుచు నాలుగు ఆవృత్తములు తిరిగి, చివరకు అన్ని పద్యములను కాగితము లేకయే అప్పగించును.

వీరిలో గంట కొట్టువాడొకడు కలడు. ఎప్పుడైన, ఎన్నిసార్లైన కొట్టును. మొత్తము అవధాని చెప్పవలెను. లెక్క నా వృత్తి గదా! కండువా మాటున వ్రేళ్లు మడచుచు నేనును లెక్కించితిని. పదునాలుగు వరకు వచ్చితిని. అంతలో దత్తపది మూడవ పాదము ఎత్తుకొనిరి, నా లెక్క పోయినది. అవధాని లెక్క పోలేదు.

నా లెక్క ఎందుకు పోయినదో చెప్పెదను. ఆ పాదము చివరనున్న మాట తెగక తరువాతి పాదములోనికి పారినది. అవధాని అచ్చట ఆగలేదు. రాగము సాగినది, అర్థము దానితో సాగినది. నేనో, ముప్పది యేండ్లుగా అచ్చులో పంక్తి ముగిసిన చోటనెల్ల ఖాతా గీత గీసినట్లు ఆగి, మాటను నడిమికి నరికి చదివెడివాడను. సిగ్గుపడితిని.

నా తప్పు నాతోనే నిలిచిన ఇంత బాధ లేదు. రెండేండ్ల క్రిందట మన గ్రంథాలయములో ఒక బాలిక గజేంద్రమోక్షము చదువుచు, పాదము చివర ఆగక సాగించినది. “పాదము తెలియదా?” యని నలుగురిలో గద్దించితిని. ఆ పిల్ల పుస్తకము మూసి వెళ్లినది; మరల పద్యమెత్తలేదు.

ఆమె నేడు మూడవ వరుసలో కూర్చున్నది. అమ్మా, ఆనాడు నీ చదువే సరి. ఎనిమిదవ స్కంధము బల్లమీద పెట్టియున్నాను. సభ ముగిసిన పిమ్మట నీవు చదువుము, నేను వినెదను.

సెలవు.