రోగుల వివరాల నుంచి మంచినీటి దాకా
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

వైద్య పరిశోధన గురించి ఇంజనీరు మాట్లాడడమేమిటని మీరు అనుకోవచ్చు. మన నేల మీద డాక్టర్లు మొదలుపెట్టిన ఒక పనిని ఇంజనీర్లు అందుకున్నారు. అది చెబుతాను.

1937లో షార్ట్, ఆయన సహచరులు అప్పటి నెల్లూరు జిల్లాలో నడుము, మెడ బిగుసుకుపోయినవారిని పరీక్షించారు. ఒక్కొక్కరినీ విడిగా చూస్తే కీళ్లనొప్పులే అనిపిస్తుంది. అందరి వివరాలూ, ఎక్స్‌రేలూ, తాగే నీటి పరీక్షలూ కలిపి చూస్తే కారణం ఫ్లోరైడ్ అని తేలింది. 1970లలో జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలు ఫ్లోరైడ్ ప్రాంతాల్లో మోకాళ్లు లోపలికి వంగిపోవడాన్ని నమోదు చేశారు. అదే దశాబ్దంలో నాగపూర్‌లోని నీరి సంస్థ పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్‌తో ఫ్లోరైడ్‌ను తగ్గించే పద్ధతి రూపొందించింది. దాని పేరే ‘నల్గొండ టెక్నిక్’.

ముదిరిన ఫ్లోరోసిస్‌తో వంగిన ఎముకను మందు తిరిగి నిలబెట్టలేదు. రాకుండా ఆపడమే మన చేతిలో ఉంది. పిల్లల పళ్లపై తెల్లని మచ్చలు, గోధుమరంగు చారలు దాని తొలి గుర్తు కావచ్చు. వాటిని డాక్టరు కంటే ముందు చూసేది ఉపాధ్యాయులే. నీటిని కాచినా ఫ్లోరైడ్ పోదు. లీటరుకు 1 మిల్లీగ్రాము దాటకుండా ఉండడం మంచిది. వేరే నీరు దొరకనప్పుడు కూడా 1.5 దాటకూడదు.

మన సంఘం ఏటా బడి బోరు నీటిని, చుట్టుపక్కల ఊళ్ల బోర్ల నీటిని పరీక్ష చేయించి, ఫలితాలను బడి రిజిస్టరులో రాయించాలని నా మనవి. పరిశోధన అలాంటి రిజిస్టర్లతోనే మొదలవుతుంది.