రొద ఎక్కడ నుండి వస్తున్నది?

(తెలుక్ ఇంటాన్ సాంస్కృతికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



నేను ఈ దేశంలో మూడవ తరం వాడిని. బడిలో విజ్ఞాన శాస్త్రం చెప్పినవాడిని. తెలుగు చదవడం, వ్రాయడం సాయంకాలపు తరగతిలో నేర్చుకున్నాను. కనుక నా మాటలు తేలికగానే ఉంటాయి. విషయం కూడా ఇంటి విషయమే.

ఈనాడు మన ఇళ్ళలో ఉగాదికి, శ్రీరామనవమికి పాటలను కంప్యూటరులో రికార్డు చేస్తున్నారు. అవ్వ పాత పాట పాడుతుంది. మనవడు ఎలక్ట్రిక్ గిటారు వాయిస్తాడు. చాలా సంతోషం. కాని తీరా వింటే పాట వెనుక గుంయ్ మని ఒక రొద! ఎనభై ఏళ్ళ అవ్వ చేత ఆ పాట ఎన్నిసార్లు పాడించగలం? అందువల్ల ఈ రొద చిన్న సంగతి కాదు. దానిని పోగొట్టాలని కొందరు పిల్లలు చేసే ఒక పని అంతకంటె పెద్ద సంగతి. అది ప్రాణానికే ముప్పు. ఈ రెండూ మీకు మనవి చేయాలని వచ్చాను.

మొదట రొదను గుర్తు పట్టాలి. మలేషియాలో ఇళ్ళకు వచ్చే కరెంటు సెకనుకు 50 సార్లు ఊగుతుంది. దాని నుండి పుట్టే రొద 50 దగ్గర, దానికి రెట్టింపు 100 దగ్గర పలుకుతుంది. గిటారులో అన్నిటికంటె లావు తీగను శ్రుతి చేసి, మూడవ మెట్టు నొక్కి మీటితే 98, నాలుగవ మెట్టు నొక్కితే సుమారు 104. రొద ఈ రెండిటి మధ్య నిలిస్తే అది కరెంటు రొద అనుకోవచ్చు. అమెరికా వారు 60, 120 అని చెబుతారు. అది వారి కరెంటు లెక్క, మనది కాదు. తంబురా శ్రుతి పాటను నిలబెడుతుంది. ఈ రొద ఏ మెట్టుకూ చేరక పాటను చెడగొడుతుంది. అలా కాక సన్నని కీచు శబ్దం వినబడి, మౌసు కదిపినప్పుడు మారుతూ ఉంటే, అది కంప్యూటరు లోపలి శబ్దం.

ఇక కారణం వెతకడం. నేను బడిలో పిల్లలకు చెప్పిన సూత్రమే ఇక్కడా పనికి వస్తుంది. ఒక్కసారికి ఒక్కటే మార్చాలి. రెండు మార్చితే ఏది పని చేసిందో తెలియదు.

మొదటి పరీక్ష. గిటారు మీది వాల్యూమ్ మరను పూర్తిగా తగ్గించండి. రొద పోతే అది గిటారు నుండి వస్తున్నది. ఉండిపోతే వైరులోనో, ఆపైనో ఉన్నది. అప్పుడు వైరు మార్చి చూడండి.

రెండవ పరీక్ష. గిటారు పట్టుకొని నిలబడిన చోటనే మెల్లగా తిరగండి. ఒక దిక్కున రొద పెరిగి, ఒక దిక్కున తగ్గితే, గిటారులోని పికప్ దగ్గరలో ఉన్న అయస్కాంత ప్రభావాన్ని అందుకొంటున్నదని అర్థం. పికప్ అంటే అయస్కాంతం చుట్టూ చుట్టిన సన్నని రాగి తీగ. అది తీగల కదలికనే కాక, ట్రాన్స్‌ఫార్మరు, పాత ట్యూబులైటు చోకు, కాంతి తగ్గించే మర వంటి వాటి ప్రభావాన్ని కూడా పట్టుకొంటుంది. వాటికి దూరంగా జరగండి. ఒకే చుట్ట ఉన్న పికప్‌లో ఈ బాధ ఎక్కువ. గిబ్సన్ కంపెనీలో పని చేసిన సెత్ లవర్ రెండు చుట్టలను ఎదురెదురుగా కలిపి, రొద తనంత తానే కొట్టుకుపోయే పికప్‌ను తయారు చేసి, 1955లో పేటెంటుకు దరఖాస్తు పెట్టినాడు. దానినే హంబకర్ అంటారు.

తీగలను చేత తాకితే రొద తగ్గడం సామాన్యమే. పెరిగితే లోపలి కలయికలో లోపం ఉండవచ్చు. చేతికి చురుక్కుమంటే మాత్రం వాయించడం ఆపి, గోడ దగ్గర స్విచ్చి కట్టండి.

మూడవ పరీక్ష. ల్యాప్‌టాపు ఛార్జరును తీసివేసి బ్యాటరీ మీద నడపండి. రొద పోతే దోషం ఆ దారిలోనే ఉన్నది. ఒక పాట రికార్డు చేయడానికి బ్యాటరీ చాలును.

నాలుగవ పరీక్ష. స్పీకర్లు విప్పి హెడ్‌ఫోనులో వినండి. రొద లేకపోతే, అది కంప్యూటరుకు, స్పీకర్లకు మధ్య పుట్టినది. మీ రికార్డు బాగానే ఉన్నది, భయం లేదు. రెండు పరికరాలూ వేరువేరు ప్లగ్గుల ద్వారా ఎర్తుకు చేరి, మధ్యలో శబ్దపు వైరు కూడా వాటిని కలిపితే, ఎర్తు తీగ ఒక వలయం అవుతుంది. ఆ వలయంలో కొద్దిపాటి కరెంటు తిరిగి రొద చేస్తుంది. అన్నిటినీ ఒకే పొడిగింపు బోర్డుకు పెట్టండి. వీలైతే బ్యాలెన్స్‌డ్ వైర్లు వాడండి. అప్పటికీ పోకపోతే శబ్దపు దారిలో ఐసొలేషన్ ట్రాన్స్‌ఫార్మరు పెట్టవచ్చు.

మరొక మాట. గిటారు వైరును తిన్నగా ల్యాప్‌టాపు మైకు రంధ్రంలో పెట్టకండి. గిటారు కోసం ప్రత్యేకమైన రంధ్రం ఉన్న ఆడియో ఇంటర్‌ఫేస్ వాడండి.

ఇప్పుడు ముఖ్య విషయం. ఎర్తు వలయం వల్ల రొద వస్తున్నదని తెలిసిన పిల్లవాడికి ఒక ఆలోచన తోస్తుంది. ఎర్తు తీగ తెంపితే సరి! నిజమే, రొద పోతుంది. దానితో పాటు రక్షణ కూడా పోతుంది. మన మూడు పిన్నుల ప్లగ్గులో పొడుగు పిన్ను ఎర్తుది. ఆకుపచ్చ, పసుపు చారల తీగ దానికి చేరుతుంది. లోహపు పెట్టె ఉన్న పరికరంలో ఎక్కడైనా కరెంటు పెట్టెకు తగిలితే, ఆ తీగ దానిని నేలకు దింపి, ఫ్యూజు ఎగిరేటట్లు చేస్తుంది. ఆ తీగ లేకపోతే కరెంటు వాయించేవాడి ఒంటి గుండా నేలకు దారి వెతుక్కుంటుంది. గిటారు తీగలు మామూలుగా ఎర్తుకు కలిసి ఉంటాయి. ఒక చేయి తీగల మీద ఉండి, మరొక చేయి దోషం ఉన్న మైకును తాకితే చాలును.

ఇది ఊరికే భయపెట్టడం కాదు. 1972 మే నెలలో వేల్స్ దేశంలోని స్వాన్సీ పట్టణంలో లెస్ హార్వే అనే గిటారు వాద్యకారుడు, ఎర్తు సరిగా లేని మైకును తాకి వేదిక మీదనే మరణించాడు. 1976లో యార్డ్‌బర్డ్స్ బృందపు గాయకుడు కీత్ రెల్ఫ్ తన ఇంటిలో ఎర్తు సరిగా లేని గిటారు వాయిస్తూ చనిపోయాడు. వారు ఆటలో కొత్తవారు కారు, అనుభవం కలవారే.

కనుక ఎర్తు పిన్ను విరవకండి. తీగ తెంపకండి. రెండు పిన్నుల ప్లగ్గును పెన్ను మొనతో సాకెట్టులో దూర్చే అలవాటు మానండి. చురుక్కుమన్నా, ఇంటి వైరింగు పాతదైనా, లైసెన్సు ఉన్న వైర్‌మన్‌ను పిలిపించి ఎర్తు పరీక్ష చేయించండి. ఆ ఖర్చు గిటారు ఖర్చులో భాగమే అనుకోండి.

మన ఊరి వాలు గోపురం 1885లో కట్టినది. అది వాలినది ఇటుకల దోషం వల్ల కాదు, అడుగున ఉన్న మెత్తని నేల వల్ల. రొద సంగతీ చాలాసార్లు అంతే. గిటారును నిందిస్తాము, కారణం నేల దారిలో ఉంటుంది. రొదను మూసిపెట్టే నాయిస్ గేట్ అనే సాధనం కంప్యూటరులో ఉన్నది. వాయించని సమయంలో అది శబ్దాన్ని మూస్తుంది. వాయించేటప్పుడు రొద పాటతో పాటే వస్తుంది. కారణం వెతికిన తరువాతనే దానిని వాడండి.

తల్లిదండ్రులకు ఒక విన్నపం. పిల్లవాడు ప్లగ్గు విప్పుతూ కనబడితే కోప్పడి ఊరుకోకండి. పక్కన కూర్చొని, ఏమి చేస్తున్నావు నాయనా అని అడగండి. పిల్లలకు ఒక విన్నపం. అవ్వను, తాతను కూర్చోబెట్టక ముందే, ఏమీ వాయించకుండా పది సెకన్లు రికార్డు చేసి వినండి. అది నిశ్శబ్దంగా ఉంటే అప్పుడు వారిని పిలవండి. వారి గొంతు మనకు ఒక్కసారే దొరకవచ్చు.