మేళ్లచెరువు శివరాత్రి

సర్కారు క్యాలెండరులో మహాశివరాత్రికి దక్కేది ఒక్కరోజు సెలవే. 2026లో అది ఫిబ్రవరి 15న, ఆదివారం నాడు వచ్చింది. ఉద్యోగులకు ఆ ఒక్కటీ మిగల్లేదు. సూర్యాపేట జిల్లా మేళ్లచెరువులో మాత్రం మాఘ బహుళ చతుర్దశి ఏ వారమొచ్చినా జాతర జాతరే, అదీ ఒక్కరోజుతో తీరేది కాదు.

ఇక్కడి స్వామి స్వయంభూ శంభులింగేశ్వరుడు. లింగం పైభాగాన చిన్న బిలం ఉంటుంది, అందులో ఎప్పుడూ నీరుంటుంది. లింగం ఏటేటా పెరుగుతోందని భక్తుల నమ్మకం. కోదాడ, హుజూర్‌నగర్ వైపు నుంచే కాదు, కృష్ణ అవతలి ఆంధ్ర పల్లెల నుంచీ జనం వస్తారు.

దర్శనం ఒక ఎత్తు, ఎడ్ల పందేలు ఒక ఎత్తు. ఒంగోలు జాతి గిత్తల జతలు బండరాయిని లాగుతాయి. పాలపళ్లు, రెండు పళ్లు, నాలుగు పళ్లు, ఆరు పళ్లు అంటూ వయసును బట్టి విభాగాలు. ఇచ్చిన సమయంలో ఎంత దూరం లాగాయన్నదే లెక్క. పొలానికి ట్రాక్టర్లు వచ్చాక కూడా ఈ గిత్తల్ని సాకడం మానని రైతులున్నారంటే, నా దృష్టిలో అందులో ఈ పందేల వాటా పెద్దదే.

ఇదే మాఘంలో సూర్యాపేట పక్కనే దురాజ్‌పల్లి పెద్దగట్టు మీద లింగమంతుల స్వామి జాతర. యాదవుల కొలుపు అది, రెండేళ్లకోసారి. 2025లో ఫిబ్రవరి 16న మొదలైంది. ఆ లెక్కన మళ్లీ 2027లో.