పద్దు పుస్తకము – పంట పొలము

(ఉగాది సభలో చేసిన ప్రసంగము)



నేను మెట్రిక్ వరకే చదివిన రైల్వే గుమాస్తాను. సాయంత్రాలు మా ఉద్యోగుల పరపతి సంఘం పద్దులు వ్రాస్తాను. ఆదివారాలు గంగావతి దగ్గర క్యాంపులో మామగారి మడిలో దిగుతాను. "ఈ రెంటికీ పొత్తేమిటోయ్" అని మిత్రులు వేళాకోళం చేస్తుంటారు. పొత్తున్నది. ఆ సంగతే మనవి చేస్తాను.

సహకార పరపతి చట్టం 1904లో వచ్చింది. మరుసటి యేడే మన రైలుదారిలో గదగ్ చెంతనున్న కణగినహాళ గ్రామంలో సిద్ధనగౌడ పాటీలుగారు సంఘం స్థాపించారు. ఆ చట్టం ప్రకారం గ్రామ సంఘాలలో సభ్యుల బాధ్యతకు హద్దు లేదు. ఒకడు ఎగవేస్తే తక్కినవారు తీర్చాలి. అందుచేత పక్కవాని చేను ఎట్లా ఉన్నదో ప్రతివాడూ ఓ కంట చూస్తూండవలసిందే. అప్పిచ్చే వానికి సేద్యం తెలిసి ఉండాలన్న మాట అక్కడే పుట్టింది.

మన తెలుగుదేశంలో ములుకనూరు ఉన్నది. 1956లో కాశీ విశ్వనాథరెడ్డిగారు ప్రారంభించిన ఆ సంఘం అప్పుతో ఆగక, విత్తనం, ఎరువు అందించి, పంటనూ తానే కొంటుంది. పంట ఎప్పుడు చేతికి వస్తుందో, బాకీ ఎప్పుడు తీరుతుందో ఆ సంఘానికి వేరే చెప్పనక్కరలేదు.

ఇక మన సంగతి. 1953లో తుంగభద్ర నీళ్ళు కాలువలకెక్కిన తరువాత కోస్తా జిల్లాలనుండి మనవారు వచ్చి గంగావతి, సింధనూరు, మాన్వి ప్రాంతాలలో భూములు కొని క్యాంపులు కట్టుకున్నారు. ఈనాడు ఆ మళ్ళలో చాలా భాగం కౌలుదారులు దున్నుతున్నారు. పహణీ యజమాని పేర ఉంటుంది. సంఘం పహణీ చూచి అప్పిస్తుంది. దున్నేవాడు ఎరువుల కొట్టుకో, ధాన్యం వ్యాపారికో పోతాడు. ధర అతను చెప్పిందే.

2024 ఆగష్టు 10 రాత్రి ఆనకట్ట 19వ గేటు కొట్టుకుపోయింది. దాన్ని మూయడానికి వారం పట్టింది. ఆ వారమంతా క్యాంపులలో ఎవరికీ అన్నం సయించలేదు. నీళ్ళు నిలుస్తాయో లేవో తెలియక నాట్లు వేసినవారు, వేయనివారు ఒకేలా దిగులుపడ్డారు. పొలం ముఖం చూడని గుమాస్తాకు అది పత్రికావార్త. మడిలో దిగినవానికి అది వాయిదాల లెక్క. గడువు తప్పితే వడ్డీ రాయితీ పోతుంది. కనుక రైతు నూర్చిన ధాన్యాన్ని కల్లంలోనే వచ్చిన ధరకు తెగనమ్ముకుంటాడు. ఇది తెలిసిన కార్యదర్శి ముందుగానే బోర్డుతో మాట్లాడి, గడువు పెంచమని పైకి వ్రాయగలడు.

కౌలుదారులకు దారి లేకపోలేదు. నాబార్డు పథకంలో నలుగురినుండి పదిమంది వరకు ఉమ్మడి బాధ్యతా బృందంగా చేరి, ఒకరికొకరు హామీ ఉండి, పొలం తాకట్టు లేకుండా అప్పు పొందవచ్చును. 1904 నాటి పాత పద్ధతే కొత్త చొక్కా తొడుక్కుని వచ్చింది! అయితే వారిలో ఎవరు నిజంగా దున్నుతున్నారో చెప్పగలవాడు కావాలి. సహకార ఉద్యోగాలలో చేరే మన పిల్లలను పొలం పూర్తిగా మానేయవద్దని నేను పోరేది ఇందుకే.

మా క్యాంపులో ఎనమండుగురు కౌలుదారులు ఇందుకు ఒప్పుకున్నారు. పరపతి సంఘాల బోర్డులలో ఉన్న పెద్దలు కొందరు ఈ సభలోనే ఉన్నారు. భోజనాలయ్యాక ఆ పేర్ల జాబితాతో పందిరి వద్దనే ఉంటాను. దయచేసి ఒక్కమారు చూడండి.